ఆల్బంలో లేని తమ్ముడు

తన పెళ్ళికి ఫోటోలు తీయడానికి బాపట్ల నుంచి ఒక రీలు కెమెరా అమ్మాయిని మాట్లాడానని కూతురు జెస్సీ చెప్పిన రోజున దేవసహాయం మాస్టారికి అన్నం సయించలేదు. రీలంటే ఆయనకు భయమేమీ లేదు, ఆయన పెళ్ళి ఫోటోలూ రీలువే. భయమల్లా ఆ తరవాత జెస్సీ చెప్పిన మాటకు. ఆ అమ్మాయి ఎవరినీ వరసలో నిలబెట్టదట. ఇటు చూడండి, కాస్త నవ్వండి అనదట. స్టేజీ పక్కన గొడుగు లైట్లు పెట్టదట. మనుషులు వాళ్ళ మానాన వాళ్ళు తిరుగుతుంటే, ఎక్కడున్నవాళ్ళను అక్కడే, ఎలా ఉన్నవాళ్ళను అలాగే తీసుకుంటూ పోతుందట.

"మరి చుట్టాలో?" అన్నాడు దేవసహాయం.

"చుట్టాలు కూడా ఎట్టా ఉంటే అట్టాగే వస్తారు నాన్నా. అమ్మ ఆల్బం చూడు, అందరూ రేషన్ కార్డుకి దిగినట్టు ఉంటారు. నాకు మనుషులు కావాలి."

దేవసహాయానికి మాత్రం రేషన్ కార్డు మొహమే కావాలి. అందులోనూ ఒకే ఒక్క మొహం. ఆయన అన్నయ్య ఎబినేజర్ స్టేజీ మీద, పెళ్ళికూతురి పక్కన, మెడ నిటారుగా పెట్టుకుని నిలబడాలి. ఆ ఫోటో ఆల్బం మొదటి పేజీలో ఉండాలి. ఎందుకో తెలియాలంటే ఎనిమిదేళ్ళ కిందటి ఇంకో పెళ్ళి సంగతి చెప్పాలి.

ఎబినేజర్‌ది తెనాలి పక్కన అంగలకుదురు. రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆయన కూతురు దీప్తి పెళ్ళికి దేవసహాయం రేపల్లె నుంచి ముందు రోజే వెళ్ళాడు. తీరా పెళ్ళినాడు చూస్తే వంటవాళ్ళు వడ్డనకు మనుషులను తక్కువ తెచ్చారు. బంతిలో కూర్చున్నవాళ్ళు ఖాళీ ఆకుల ముందు చేతులు కడుక్కుని దిక్కులు చూస్తుంటే అన్నయ్య పరువు పోతుందని, దేవసహాయం తువ్వాలు నడుముకు బిగించి సాంబారు బకెట్టు అందుకున్నాడు. అందుకున్నవాడు చివరి బంతి లేచేదాకా దించలేదు. ఫోటోలు తీసే ఆయన స్టేజీ వదిలి రాలేదు, ఈయన బంతి వదిలి వెళ్ళలేదు.

తరవాత ఆల్బం వచ్చింది. అందులో లేనివాడంటూ లేడు. వేరే పెళ్ళికి వెళ్ళాల్సినవాళ్ళు పొరపాటున ఇక్కడికొచ్చి కవరిచ్చి దిగిన ఫోటో కూడా ఉంది. సొంత తమ్ముడు మాత్రం లేడు. చీరాల వియ్యంకులు ఆల్బం తిరగేసి, మీకో తమ్ముడున్నాడన్నారే, పెళ్ళికి రాలేదాండీ అని అడిగేసరికి ఎబినేజర్‌కు తల కొట్టేసినట్టయింది. ఫోను చేసి, ఎక్కడ చచ్చావురా అని మొదలుపెట్టాడు. సాంబారు మోస్తూ చచ్చానన్నాడు దేవసహాయం. స్టేజీ ఎక్కొద్దని నిన్నెవరన్నా ఆపారా అని అన్న అడిగితే, ఎక్కమని ఎవరన్నా పిలిచారా అని తమ్ముడు అడిగాడు. ఇంటివాణ్ణి కూడా పిలవాలా అన్నాడు అన్న. ఇంటివాడు పని చేసినట్టు ఫోటో చూపించాలా అన్నాడు తమ్ముడు. ఇద్దరిదీ న్యాయమే. ఇద్దరి పక్కా న్యాయం ఉంటే ఆ తగువు ఓ పట్టాన తెగదు. ఆ రోజు పెట్టేసిన ఫోను మళ్ళీ ఎత్తలేదు.

అప్పటినుంచి ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసే పని చెల్లెలు ఫ్లోరెన్స్‌ది. తెనాలిలో ఉంటుంది. మాట ఎంత ఘాటుగా బయలుదేరినా ఆమె దారిలో కాస్త మజ్జిగ కలిపి అందించేది. అయినా లాభం లేకపోయింది. దేవసహాయానికి కావలసింది క్షమాపణ కాదు. ఆ రోజంతా మా తమ్ముడే వడ్డించాడు అని అన్నయ్య ఒక్కసారి, పదిమంది ముందు కాకపోయినా ఒక్కరి ముందైనా, అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఆయన లోపల్లోపల ముసలివాడైపోతున్నాడు.

జెస్సీకి సంబంధం కుదరగానే ఆయన పంతం పక్కనబెట్టి, భార్య దేవకుమారిని వెంటబెట్టుకుని, శుభలేఖ పట్టుకుని అంగలకుదురు వెళ్ళాడు. ఎబినేజర్ శుభలేఖ అందుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు. ఇంకేం మాట్లాడాలో తోచక దేవసహాయం, ఈసారి ఫోటోల్లో మొదటి ఫోటో నీదే అన్నయ్యా అన్నాడు.

"వస్తానులే," అన్నాడు ఎబినేజర్. "నా కూతురు పెళ్ళికి నువ్వు ఎట్టా వచ్చావో, నీ కూతురు పెళ్ళికి నేనూ అట్టాగే వస్తా."

తిరుగు రైల్లో దేవకుమారి, చూశారా, మీ అన్నయ్య మెత్తబడ్డారు అంది. దేవసహాయానికి ఆ మాటలో ఎక్కడో ముల్లు తగిలింది గానీ, అన్నయ్య వస్తాననడమే పదివేలు అనుకున్నాడు. వచ్చినవాణ్ణి స్టేజీ ఎక్కించి ఫోటో తీయిస్తే పాత బాకీ తీరిపోతుంది. ఈసారి కూడా ఆల్బంలో అన్నదమ్ములు లేకపోతే మాత్రం ఇక బతికుండగా మాటల్లేనట్టే. ఆ లెక్కలో ఉన్నవాడికి కూతురొచ్చి రీలు కెమెరా కబురు చెప్పింది.

జెస్సీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అది తండ్రి పోలికే కాబట్టి ఆయనే తగ్గాల్సొచ్చింది. ఆ ఆదివారం ఫోటోల అమ్మాయి బాపట్ల బస్సు దిగి ఇంటికొచ్చింది. పేరు సింధు. భుజాన ఒక సంచి, అందులో ఇటుకంత బరువున్న పాత కెమెరా. తను తీసిన పెళ్ళి ఫోటోలు తెచ్చి చూపించింది. దేవసహాయం కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. ఒకావిడ పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని చీర సర్దుతోంది. ఒక పెద్దాయన కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పెళ్ళికొడుకు చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"ఒక్కళ్ళూ కెమెరా వైపు చూడరేంటమ్మా?" అన్నాడు.

"చూసినవి పక్కన పడేశానండి," అంది సింధు.

దేవకుమారి కష్టం వేరు. పేరాల మగ్గం మీద చెప్పి నేయించుకున్న వంకాయ రంగు పట్టుచీర ఆవిడది. ఈ అమ్మాయి చూస్తే సగం ఫోటోలు నలుపు తెలుపులో తీస్తానంటోంది. అంత చీరా కట్టి బూడిద రంగులో కనపడటానికా అని ఆవిడ గొడవ. చివరికి చర్చిలోనూ స్టేజీ దగ్గరా కలర్ రీలు, మిగతా చోట్ల నలుపు తెలుపు అని రాజీ కుదిరింది. ఆ సందులో దేవసహాయం తన మనవి పెట్టుకున్నాడు. ఎవరిని నిలబెట్టినా నిలబెట్టకపోయినా, మా అన్నయ్యతో ఒక్క ఫోటో, స్టేజీ మీద, అందరూ చూసేట్టు. పాత కథంతా చెప్పాడు కూడా. సింధు శ్రద్ధగా విని, "తప్పకుండా తీస్తానండి బాబాయ్ గారూ. ఆయన్ని స్టేజీ ఎక్కించే పని మాత్రం మీదే," అంది. అదెంత పని అనుకున్నాడు దేవసహాయం.

పెళ్ళి రేపల్లె చర్చిలో జరిగింది. పాస్టర్ అయ్యగారు క్లుప్తంగా ముగిస్తానని చెప్పి మామూలుగానే ప్రసంగించారు. ప్రమాణాలయ్యాయి, ఉంగరాలు మార్చుకున్నారు, దేవకుమారి చీర అందరి కళ్ళలోనూ పడింది. చర్చి ఆవరణలోనే ఒక పక్క స్టేజీ, ఇంకో పక్క భోజనాల షామియానా వేశారు. బఫేలో ప్లేటు పట్టుకుని తిరగడం తన చేతకాదని దేవసహాయం పట్టుబట్టి ఆకులు వేసి బంతి భోజనాలు పెట్టించాడు.

అసలు తమాషా స్టేజీ మీద మొదలైంది. మన దగ్గర కవరిచ్చే పద్ధతి అందరికీ తెలిసిందే. చుట్టం స్టేజీ ఎక్కుతాడు, కవరు పెళ్ళికొడుకు చేతికి అందిస్తాడు, అందించినవాడు వెంటనే వదలడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని కెమెరా వైపు తిరుగుతారు. ఫ్లాష్ వెలిగితేనే కవరు చేతులు మారుతుంది. ఇక్కడ ఫ్లాష్ లేదు. సింధు స్టేజీ వెనకా కుర్చీల మధ్యా ఎక్కడెక్కడో తిరుగుతోంది. మొదట ఎక్కిన పెద్దమనిషి కవరు కొస పట్టుకుని, నవ్వు మొహం పెట్టుకుని, వెలుతురు కోసం అలాగే నిలబడిపోయాడు. పెళ్ళికొడుకు లాగితే ఆయన వదలడు. వెనక వరస మెట్లు దిగి, కుర్చీలు దాటి, చర్చి గుమ్మం దాకా పెరిగింది. చివరికి ఫ్లోరెన్స్ స్టేజీ ముందు నిలబడి తన ఫోనులో లైటు వెలిగించి ఆర్పడం మొదలుపెట్టింది. లైటు వెలగ్గానే కవరు వదలడం, దిగిపోవడం. ఫోటో ఎవరు తీశారో, అసలు తీశారో లేదో ఎవరూ అడగలేదు. వరస చకచకా కదిలింది.

ఆ వరసలో ఎబినేజర్ లేడు. చర్చిలో వెనక బెంచీలో కూర్చున్న అన్నయ్యను దేవసహాయం కళ్ళారా చూశాడు. ప్రార్థన అయ్యాక కనపడలేదు. స్టేజీ మీద కూతురి పక్కన నిలబడి మెడ చాచి నాలుగు దిక్కులా వెతికాడు. చివరికి భోజనాల షామియానాలో దొరికాడు. తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, తువ్వాలు నడుముకు బిగించి, సాంబారు బకెట్టుతో బంతి మధ్య నడుస్తున్నాడు.

నా కూతురు పెళ్ళికి నువ్వు ఎట్టా వచ్చావో, నేనూ అట్టాగే వస్తా. ఆ మాటలో ముల్లు ఇదన్నమాట. దేవసహాయానికి ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వచ్చింది. ఈయన స్టేజీ ఎక్కడు. ఆల్బంలో ఉండడు. రేపు అందరూ, మీ అన్నయ్య పెళ్ళికి రాలేదా అని తనను అడుగుతారు. ఆ దెబ్బ ఎలా ఉంటుందో తమ్ముడికి తెలియాలనే వచ్చాడు.

ఫ్లోరెన్స్‌ను పంపాడు. ఆమె వెళ్ళి, బతిమాలి, తిరిగొచ్చింది. వాడు నా స్టేజీ ఎక్కాడా అని అడగమన్నాడు చిన్నన్నయ్యా, అంది. ఈసారి మజ్జిగ కలిపే ఓపిక కూడా లేదు ఆమెకు. దేవకుమారి వెళ్ళింది. బావగారు ఆవిడను మర్యాదగా ఒక ఆకు ముందు కూర్చోబెట్టి సాంబారు పోసి పంపించారు. స్టేజీ మీద చూస్తే అయ్యగారు, స్కూలు హెడ్‌మాస్టరు, వియ్యాలవారి పెద్దలు. పెళ్ళికూతురి తండ్రి అక్కడినుంచి కదిలితే మర్యాద కాదు. దేవసహాయం అటు చూశాడు, ఇటు చూశాడు. జెస్సీ ఆయన మోచేయి పట్టుకుని, "వెళ్ళు నాన్నా. ఇక్కడ నేనున్నాగా," అంది.

ఆయన కోటు విప్పి కుర్చీ మీద వేసి, మెట్లు దిగాడు. షామియానాలోకి వెళ్ళి వంటవాళ్ళ దగ్గర ఒక తువ్వాలూ ఇంకో బకెట్టూ అందుకున్నాడు. అందులో పప్పుచారు ఉందో రసం ఉందో కూడా చూసుకోలేదు. అన్నయ్య వెనకే నడుస్తూ వడ్డించడం మొదలుపెట్టాడు. సాంబారు పోసిన అన్నంలోనే రసం పడుతుంటే బంతిలో వాళ్ళు వద్దండీ వద్దండీ అని చేతులు అడ్డం పెడుతున్నారు.

"అన్నయ్యా, ఒక్కసారి రా. ఒక్క ఫోటో దిగి మళ్ళీ వద్దువుగాని," అన్నాడు గొంతు తగ్గించి.

"సాంబారు చల్లారిపోద్ది," అన్నాడు ఎబినేజర్ వెనక్కి తిరక్కుండా.

నాలుగు ఆకులు దాటాయి. దేవసహాయం మళ్ళీ అడిగాడు. ఇంకో రెండు ఆకులు దాటాక ఎబినేజర్ బకెట్టు కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని ఆగాడు.

"ఏరా, ఆ రోజు నీకు నడుం పడిపోలేదంట్రా?"

"పడిపోయింది అన్నయ్యా. వారం రోజులు మంచం దిగలేదు."

"మరి చెప్పవేంట్రా?"

"నువ్వు అడిగావా? ఫోటోలో లేవేంటని అడిగావుగాని."

ఎబినేజర్ తమ్ముడి మొహంలోకి చూశాడు. ఏమనిపించిందో ఏమో, ఉన్నట్టుండి నవ్వేశాడు. పొట్ట కదిలేలా నవ్వే నవ్వు అది, ఎనిమిదేళ్ళుగా తమ్ముడు వినని నవ్వు. దాంతో దేవసహాయానికీ నవ్వు ఆగలేదు. చేతిలో గరిటె వణికి రసం పక్కాయన చొక్కా మీద పడింది. ఆ చొక్కాయన అరుస్తుంటే అన్నదమ్ములిద్దరూ తువ్వాళ్ళతో తుడవబోయి దాన్ని ఇంకాస్త పులిమారు. ఆ తరవాత ఇద్దరూ చివరి బంతి లేచేదాకా వడ్డించారు.

చేతులు కడుక్కుని చూసేసరికి స్టేజీ విప్పుతున్నారు. పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ కారెక్కించాలని పిలుపొచ్చింది. దేవసహాయం అటు వెళ్ళి వచ్చేలోపల ఎబినేజర్ తెనాలి పాసింజరుకు టైమైందని వెళ్ళిపోయాడట. స్టేజీ ఫోటో లేదు. నవ్వుకున్నది నవ్వుకున్నట్టే ఉంది గానీ, రేపు ఆల్బం వచ్చాక ఆ నవ్వు నిలుస్తుందా అని ఆయనకు మళ్ళీ గుబులు పట్టుకుంది. సంచి సర్దుకుంటున్న సింధు దగ్గరికి వెళ్ళి, ఎక్కడన్నా ఒక మూల, మా అన్నయ్య పడ్డాడా అమ్మా అని అడిగాడు.

"రీలు కడిగి చూస్తేగాని ఏమీ చెప్పలేనండి," అంది సింధు. "మామూలు కెమెరా అయితే ఇప్పుడే చూపించేదాన్ని."

రీళ్ళు కడగడం, అచ్చు వేయడం, అతికించడం అయ్యేసరికి చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ దేవసహాయం అన్నయ్యకు ఫోను చేద్దామని ఎత్తడం, ఆల్బం చూశాక చేద్దాంలే అని పెట్టేయడం. చివరికి సింధు ఆల్బం తీసుకుని తనే వచ్చింది. దేవకుమారి వంకాయ రంగు చీర చర్చిలో వంకాయ రంగులోనే ఉంది కాబట్టి ఆవిడ సంతోషించి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. కవరు కొస పట్టుకుని వెలుతురు కోసం కాచుకున్న పెద్దమనిషి ఉన్నాడు. ఫోను లైటుతో ఫ్లోరెన్స్ ఉంది. స్టేజీ ఫోటోలన్నిటిలోనూ అందరూ ఒక వైపు చూస్తుంటే దేవసహాయం ఒక్కడే మెడ చాచి భోజనాల వైపు చూస్తున్నాడు.

తరవాత పేజీ తిప్పాడు. నలుపు తెలుపు ఫోటో. కింద అంచున విస్తరాకు, దాని మీద సగం తిన్న అన్నం. ఆకు మీదుగా పైకి చూస్తే ఇద్దరు ముసలివాళ్ళు, తాటిచెట్లంత ఎత్తున, చెరో బకెట్టుతో. ఒకడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఇంకొకడు కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అతని గరిటె నుంచి రసం చుక్క ఒకటి ఇంకా గాల్లోనే ఉంది. ఫోటో ఒక పక్కకి ఒరిగిపోయింది కూడా.

"ఆకలేసి ఆ బంతిలో కూర్చున్నానండి," అంది సింధు. "కుడి చెయ్యి ఎంగిలి. ఒళ్ళో ఉన్న కెమెరాని ఎడం చేత్తో ఎత్తి నొక్కాను. వచ్చిందో రాలేదో తెలీక ఆ రోజు మీకు చెప్పలేదు."

మర్నాడు పొద్దున్నే దేవసహాయం ఆల్బం చంకన పెట్టుకుని తెనాలి రైలెక్కాడు. ఎబినేజర్ వసారాలో పేపరు చదువుతున్నాడు. రారా అన్నాడు. అది వినడానికే సగం ప్రాణం లేచొచ్చింది తమ్ముడికి. ఆల్బం ఒళ్ళో పెట్టి ఆ పేజీ తీశాడు. ఎబినేజర్ చాలాసేపు చూశాడు. లేచి లోపలికి వెళ్ళి, బీరువా తీసిన చప్పుడు చేసి, ఒక పాత ఆల్బంతో తిరిగొచ్చాడు. అది దీప్తి పెళ్ళిది. దాంతోపాటు జిగురు డబ్బా కూడా తెచ్చాడు.

"ఈ ఫోటో నాకిచ్చెయ్. నువ్వింకోటి వేయించుకో," అన్నాడు. ఇస్తానని తమ్ముడు అనేలోపలే జాగ్రత్తగా ఊడదీసి, దీప్తి ఆల్బం మొదటి పేజీలో, దీప్తి ఫోటో పక్కనే అతికించాడు.

"అది జెస్సీ పెళ్ళిది కదా అన్నయ్యా!"

"ఎవడికి తెలుస్తుంది? రంగులు లేవు. అదే షామియానా, అదే బకెట్టు."

"అయినా ఆ రోజు నువ్వు బకెట్టు పట్టలేదుగా."

ఎబినేజర్ ఫోటో అంచులు వేలితో గట్టిగా అదిమాడు. "పట్టాల్సింది," అన్నాడు.

అంతలో పక్కింటి పున్నయ్య రోజూ వచ్చినట్టే పేపరు కోసం వచ్చాడు. ఒళ్ళో ఆల్బం చూసి వంగాడు. ఇదెప్పటిదండీ అని అడిగాడు. మా దీప్తి పెళ్ళప్పటిది అన్నాడు ఎబినేజర్, కంటిరెప్ప వేయకుండా. అప్పటికే మీ జుట్టు ఇంత తెల్లబడిందేంటండీ అన్నాడు పున్నయ్య. నలుపు తెలుపులో అట్టాగే పడద్దిలే అని ఎబినేజర్ ఆ సంగతి అక్కడితో తుంచేసి, ఫోటోలో రెండోవాడి మీద వేలు పెట్టాడు.

"వీడు మా తమ్ముడు. ఆ రోజంతా వీడే వడ్డించాడండి. వీడే లేకపోతే నా పరువు పోయేది."

దేవసహాయం వసారా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎదురు చెప్పడానికి ఎనిమిదేళ్ళుగా దాచుకున్న మాటలు బోలెడున్నాయి, వాటిలో ఒక్కటీ ఇప్పుడు అవసరం లేదు. కడుపు నిండినట్టుంది. వదిన గుమ్మంలోకి వచ్చి, భోజనం చేసే వెళ్ళాలి మరిది గారూ అంది. చేసే వెళ్తాను వదినా అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన్ను కూర్చోబెట్టి ఆకు వేశారు. సాంబారు గిన్నె వదిన చేతిలోంచి తీసుకుని ఎబినేజర్ తనే వడ్డించాడు.